ఇంటి కప్పుమీది సౌరవిద్యుత్తు – కొన్ని అపోహలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు



సూర్యుని వెలుగుతో ఇంటిమీద కరెంటు పుట్టించుకోవటమనేది ఈనాడు కృష్ణా డెల్టాలో కొత్తగా వినే మాట కాదు. విజయవాడ రైల్వే స్టేషనులో 2022లో ప్లాట్‌ఫారాల పైకప్పుగానే 130 కిలోవాట్ల సౌర పలకలను అమర్చారు. రైలు కోసం వచ్చినవాళ్ళు వాటి నీడన నిలబడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం వారు కోటి ఇళ్ళకు సౌరవిద్యుత్తు అనే లక్ష్యంతో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం పెట్టిన తరువాత ఈ ప్రసంగం ఊళ్ళలోని రచ్చబండల దాకా వచ్చింది.

ఆ రచ్చబండల దగ్గర వినవచ్చే మాటలు చాలావరకు అందరికీ తెలిసినవే. “మన బెజవాడ ఎండకు కరెంటు కాలువలై పారాలి” అంటాడొకాయన. “ఇక కరెంటు పోయినా మనకు బెంగ లేదు” అంటాడు ఇంకొకాయన. “బ్యాటరీలు మూడేళ్ళకు చస్తాయండీ, అదంతా దండగ” అని మూడో ఆయన తేల్చేస్తాడు. వానాకాలం పనిచేయదనేవారూ, గాలివానకు ఎగిరిపోతుందనేవారూ, సర్కారువారు మూడువందల యూనిట్లు ఊరికే ఇస్తారట గదా అనేవారూ ఉంటారు.

ఇవి తెలియనివాళ్ళు అనే మాటలని కొట్టిపారేయటం తేలిక. విస్తరణ కార్యకర్తలలో కూడా కొందరు అట్లాగే చేస్తారు. అట్లా చేస్తే విన్నవాడు నోరు మూసుకొంటాడు గాని మనసు మార్చుకోడు. ఈ మాటల్లో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు ఏదో ఒక సౌర పరికరాన్ని గురించి నిజమే. పరికరం మారింది, మాట మాత్రం నిలిచిపోయింది. కాబట్టి ఏ మాట ఏ కాలంలో పుట్టిందో తెలుసుకుంటే, నేడు అందులో ఎంత పాలు నిజమో తేల్చుకోవటం సులభమవుతుంది.

ముందుగా ఎండ సంగతి చూద్దాం. తెలుగులో మనకు ‘ఎండ’ అనే మాట ఒక్కటే. అందులో వెలుగూ ఉన్నది, వేడీ ఉన్నది. తరతరాలుగా డెల్టా రైతు ఎండను వాడుకొన్నది వేడి కోసమే. కళ్ళంలో ధాన్యం ఆరబెట్టినా, మిరపకాయలు పోసినా, ఇల్లాలు వడియాలు పెట్టినా, మాగాయ ముక్కలు ఎండించినా, సముద్రతీరాన మత్స్యకారులు చేపలు ఎండబెట్టినా అంతా వేడిమి వ్యవసాయమే. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే పని అంత త్వరగా అయ్యేది. అందుచేత సూర్యశక్తి అనగానే మన మనసుకు ముందు తోచేది వేడి.

మొదట వచ్చిన సౌర యంత్రాలు కూడా ఈ నమ్మకాన్నే బలపరచాయి. 1950ల తొలి సంవత్సరాలలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబరేటరీ వారు పెద్ద పళ్ళెం వంటి మెరుగు రేకుతో కిరణాలను ఒకచోట చేర్చి, గిన్నె కింద మంట లేకుండా వండే సౌర కుక్కరును తయారుచేశారు. అది బజారులోకి వచ్చింది గాని జనంలోకి పోలేదు. ఇందుకు కారణం వెతుక్కోనక్కరలేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబడి, సూర్యుడు కదిలినప్పుడల్లా పళ్ళెం తిప్పుతూ వండాలి. పొద్దు పొడవకముందే వంట ముగించి పొలానికి పోయే ఇంట్లో, పొద్దుగూకిన తరువాత మళ్ళీ పొయ్యి రాజేసే ఇంట్లో అది ఎవరికి పనికివస్తుంది? తయారుచేసినవారు సూర్యుణ్ణి చక్కగా లెక్కపెట్టారు గాని ఇల్లాలి దినచర్యను లెక్కపెట్టలేదు. తరువాత 1980లలో పెట్టె మాదిరి కుక్కర్లు, మేడలమీద నీళ్ళు కాచే గొట్టాలు వచ్చాయి. 2000ల తొలి సంవత్సరాలలో తిరుమలలో వరుసలు వరుసలుగా పళ్ళేలవంటి అద్దాలు నిలిపి, ఆవిరి పుట్టించి, యాత్రికులకు అన్నం వండే ఏర్పాటు చేశారు. ఇవన్నీ వేడితో నడిచేవే.

ఇంటిమీది సౌర పలక వంశం వేరు. 1839లో ఫ్రాన్సు దేశంలో ఎడ్మండ్ బెకరెల్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, కొన్ని పదార్థాలమీద వెలుగు పడితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టాడు. 1883లో న్యూయార్కులో చార్లెస్ ఫ్రిట్స్ అనే ఆయన సెలీనియంమీద పలుచని బంగారపు పూత వేసి మొదటి పలక చేశాడు. దానిమీద పడిన వెలుగులో నూటికి ఒక పాలు కూడా కరెంటు కాలేదు. ఆ తరువాత ఏడు దశాబ్దాలపాటు ఇది పనికిరాని వింతగానే ఉండిపోయింది. 1954 ఏప్రిల్ 25న అమెరికాలో బెల్ లాబరేటరీస్‌కు చెందిన చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాను పలకను లోకానికి చూపించారు. నూటికి ఆరు పాళ్ళు వెలుగు కరెంటుగా మారింది. సరిగ్గా ఆ ఏడే మన విజయవాడలో, 1855లో పూర్తయి 1952లో తెగిపోయిన పాత ఆనకట్టకు బదులుగా కొత్త బారేజీ పని ఆరంభమైంది. 1957లో పూర్తయిన ఆ ప్రకాశం బారేజీ, నేడు మన మేడలెక్కిన సౌర పలక, ఈ రెండూ ఒక ఈడువే నన్నమాట.

సిలికాను పలకలో ఎలక్ట్రానులను కదిలించేది వెలుగు. వేడి దానికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది. పలక వేడెక్కినకొద్దీ దాని వోల్టేజి పడిపోతుంది. తయారీదారు రాసిచ్చే వాట్లు పలక 25 డిగ్రీల వేడిమిలో ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.35 నుంచి 0.4 పాలు తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం మేడమీద పలక 60, 65 డిగ్రీలకు చేరుతుంది. అంటే నూటికి పన్నెండు మొదలు పదహారు పాళ్ళదాకా అక్కడే పోతున్నది. బెజవాడను ఆ కాలపు ఇంగ్లీషు దొరలు బ్లేజువాడ అని ఎగతాళి చేసేవారట. మన ఎండ కీర్తి అంతటిది. ఐనా రోహిణి కార్తెకంటె, గాలి ఇంకా చల్లగా ఉండి ఆకాశం తేటగా ఉండే ఫాల్గుణ, చైత్ర మాసాలలోనే పలక బాగా పనిచేస్తుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. పలకలు పగలవు గాని నీరసిస్తాయి. అందుకే పలకలను కప్పుకు అంటించి వేయకూడదు. అడుగున గాలి ఆడేటట్లు ఎత్తు వదలాలి. అమర్చేవాడు ఇనుము ఆదా చేయటానికి పలకలను కిందికి దించుతానంటే ఒప్పుకోవద్దు.

ఇక బ్యాటరీల మాట. 1958 మార్చి 17న అమెరికావారు వాన్‌గార్డ్ అనే చిన్న ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపారు. అందులో రెండు రేడియో ప్రసారిణులు ఉన్నాయి. ఒకటి బ్యాటరీతో నడిచేది, రెండోది సౌర పలకలతో నడిచేది. బ్యాటరీది ఆ జూన్ నెలతో మూగబోయింది. సౌర పలకలది 1964 మే దాకా పలుకుతూనే ఉన్నది. పలక దీర్ఘాయువు, బ్యాటరీ అల్పాయువు అని ఆనాడే తేలిపోయింది. ఐతే ఆ దీర్ఘాయువుకు అంతులేని ధర ఉండేది. 1970ల తొలి సంవత్సరాలలో వాటు ఒక్కింటికి నూరు డాలర్లుండగా, దానిని ఇరవై డాలర్లకు దించితే అదే గొప్ప విజయమనుకొన్నారు. మన దేశంలో సాహిబాబాదులోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ అనే ప్రభుత్వ సంస్థ 1974లో ఏర్పడి, 1977లో మొదటి సౌరకణాన్ని, 1978లో మొదటి పలకను తయారుచేసింది. అప్పటి ధరలకు పలకను పెట్టదగిన చోట్లు ఏవంటే, తీగ వేయటం మరింత ఖర్చయ్యేవి మాత్రమే. అవి సముద్రంలో దీపాలు, రైలు సిగ్నళ్ళు, అడవుల్లో టెలిఫోను స్తంభాలు, కరెంటు చేరని గూడేలు.

కరెంటు చేరని చోట రాత్రికి దీపం కావాలంటే పగటి విద్యుత్తును దాచాలి. దాచటానికి బ్యాటరీ కావాలి. ఆ రోజుల సీసపు బ్యాటరీకి నీళ్ళు పోస్తూ కాపలా కాయాలి. కాచినా నాలుగైదేళ్ళకు మించి బ్రతకటం అరుదు. సౌర లాంతర్లు, వీధి దీపాలు ఊళ్ళకు వచ్చినప్పుడు పలకను గురించి జనం నేర్చుకొన్నదంతా ఈ బ్యాటరీ నుంచే. స్తంభం నిలబడి ఉంటుంది, పైన పలక మెరుస్తూ ఉంటుంది, దీపం మాత్రం వెలగదు. చూసినవాడు ‘సోలారు చచ్చింది’ అన్నాడే గాని ‘బ్యాటరీ చచ్చింది’ అనలేదు. ఆ మాటే ఈనాటికీ మన చెవిన పడుతున్నది.

ఈ సందర్భంలో బీహారు రాష్ట్రంలోని ధర్నాయి అనే ఊరి కథ చెప్పుకోవాలి. 2014లో అక్కడ వంద కిలోవాట్ల సౌర కేంద్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. ఊరివాళ్ళలో కొందరు మాకు అసలు కరెంటు కావాలి, నకిలీ కరెంటు వద్దని అడిగారు. పత్రికలవాళ్ళు నవ్వారు గాని, ఆ ఊరివాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. బ్యాటరీల మీద నడిచే ఆ కేంద్రం పెద్ద సామాన్లను మోయలేదు. కొంతకాలానికి తీగల కరెంటు వచ్చింది. మరికొంత కాలానికి బ్యాటరీలు చచ్చి, ఆ కేంద్రం పశువులను కట్టేసుకొనే చోటయింది.

మన డెల్టా సంగతి వేరు. ఇక్కడ తీగ ముందు వచ్చింది, పలక తరువాత వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ప్రారంభం కావటం, 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడటం, 1979లో ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే విజయవాడ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ తిరగటం – ఇవన్నీ పెద్దలకు తెలిసిన సంగతులే. తీగ ఇంటింటికీ ఉన్నది కనుక నేడు మన మేడలమీద పెడుతున్న సౌర అమరికల్లో చాలావాటికి బ్యాటరీయే లేదు. పగలు పలక పుట్టించిన కరెంటు ముందు ఇంట్లో వాడకానికి పోతుంది. పైన ఉన్న చేను తడిశాక మిగిలిన నీరు కింది చేనికి పారినట్లు, మిగిలినది తీగలోకి పోతుంది. రాత్రి తీగనుంచి మనం తీసుకొంటాం. ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ రెండువైపులా తిరిగే మీటరు లెక్కకడుతుంది. దీన్నే నెట్ మీటరు అంటున్నారు. అంటే ఊరి తీగే మన గాదె. గాదె ఊరిది కనుక మనం నీళ్ళు పోయనక్కరలేదు, నాలుగేళ్ళకొకసారి మార్చనక్కరలేదు. బ్యాటరీ భయంతో వెనుదీసేవారు తెలుసుకోవలసినది ఇది.

కాని ఇక్కడే ఇంకొక అపోహ పుట్టింది. పాత లాంతరు, పాత వీధి దీపం కరెంటుతో పనిలేకుండా వెలిగేవి గదా. కాబట్టి మేడమీద సౌర పలకలున్న ఇంటికి కరెంటు పోవటమనేది ఉండదనుకొన్నారు. అమ్మేవాళ్ళలో కొందరు అవునంటారు, కొందరు ఊరుకుంటారు. ఊరుకోవటం కూడా అబద్ధమే.

2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న కురిసిన వానలకు బుడమేరు పొంగి గండ్లు పడి, విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు ప్రాంతాలు మునిగిపోయాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. అంతకు ముందెన్నడూ అంత నీరు నమోదు కాలేదు. నీళ్ళు నిలిచిన పేటల్లో రోజుల తరబడి కరెంటు ఆపివేయవలసి వచ్చింది. జనం మేడలెక్కి ఆహారానికీ మంచినీళ్ళకూ ఎదురుచూసిన రోజులవి. సెల్‌ఫోనులో ఛార్జింగు ఉండటం ప్రాణంతో సమానమైంది. అటువంటప్పుడు మేడమీద మూడు కిలోవాట్ల పలకలు ఎండలో మెరుస్తూ ఉన్నా, బ్యాటరీ లేని అమరికయితే ఒక్క ఫోను కూడా ఛార్జి కాదు.

ఇది యంత్ర లోపం కాదు. కావాలని పెట్టిన కట్టుబాటు. ఎందుకంటే తీగ తెగినప్పుడో, నీళ్ళలో మునిగినప్పుడో సబ్‌స్టేషనులో కరెంటు ఆపి లైన్‌మాన్ స్తంభం ఎక్కుతాడు. ఆ తీగలో కరెంటు లేదన్న నమ్మకంతో చేయి వేస్తాడు. అదే సమయంలో కింద ఉన్న ఏ ఇంటి పలకలో అదే తీగలోకి కరెంటు తోస్తూ ఉంటే ఆ మనిషి బ్రతకడు. నీళ్ళలో నడిచేవాడికీ అదే గతి పట్టవచ్చు. అందుచేత తీగలో కరెంటు ఆగిన రెండు సెకండ్ల లోపల సౌర ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలని నిబంధన పెట్టారు. మన ఇంట్లో దీపం ఆరటం స్తంభంమీది మనిషికి రక్ష. ఈ సంగతి తెలియక, ఎలక్ట్రీషియనును పట్టుకొని ఎట్లాగో కలిపించి, కరెంటు లేనప్పుడు కూడా నడిచేటట్లు చేయించుకోవాలని ఆలోచించేవారున్నారు. మీ ఊళ్ళో అట్లాంటి పని జరుగుతుంటే వెంటనే విద్యుత్తు ఆఫీసులో చెప్పండి. చాడీ చెప్పామన్న సంకోచం పెట్టుకోనక్కరలేదు.

మరి తుఫానుల ప్రాంతంలో ఉన్నవాళ్ళు ఏం చేయాలి? బ్యాటరీతో కూడిన, ఊరి తీగనుంచి తనంతట విడిపోయి ఇంట్లో కొన్ని దీపాలకే కరెంటిచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఉన్నాయి. నేటి లిథియం బ్యాటరీలు పాత సీసపు బ్యాటరీలకంటె చాలా ఎక్కువ కాలం బ్రతుకుతాయి గాని ఖరీదు ఎక్కువ. విజయవాడ పట్టణంలో గంటో రెండు గంటలో కరెంటు పోయే ఇంటికి అది అనవసరమని నా అభిప్రాయం. మామూలు ఇంటి ఇన్వర్టరు చాలు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు, తుఫాను వస్తే ఎన్ని రోజులు చీకటో తెలియని చోట మాత్రం, రెండు దీపాలకూ ఒక పంకాకూ ఫోనుకూ సరిపడే చిన్న బ్యాటరీకి పెట్టే డబ్బు వృథా కాదు. ఇంటికంతటికీ బ్యాటరీ పెట్టాలనుకొంటేనే లెక్క తప్పుతుంది.

తుఫానంటే దివిసీమవారికి 1977 నవంబరు 19 గుర్తుకు వస్తుంది. పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకొన్న ఆ ఉప్పెనను చూసినవాళ్ళ ముందు ‘పలకలు ఎగిరిపోవులెండి’ అని తేలికగా అనటం మర్యాద కాదు. ఆ భయం అపోహ కాదు, అనుభవం. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇళ్ళ నిర్మాణానికి విజయవాడ ప్రాంతం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలి లెక్కలోకి వస్తుంది. పలకల చట్రాన్ని ఆ గాలికి తట్టుకొనేటట్లు లెక్కకట్టి బిగిస్తే అది నిలుస్తుంది. ఊరికే నాలుగు దిమ్మెలమీద పెట్టి పోతే నిలవదు. మేడమీద కూర్చోవటానికి చోటు పోతుందని చట్రాన్ని మనిషెత్తున లేపమని అడిగేవారున్నారు. లేపినకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. తీరానికి దగ్గరయితే ఇంతకంటె నెమ్మదిగా వచ్చే శత్రువు ఇంకొకటి, ఉప్పుగాలి. జింకు పూత చాలని ఇనుము అక్కడ త్వరలోనే తుప్పు పడుతుంది. పలక పాతికేళ్ళు బ్రతికినా, నిలబెట్టిన కాళ్ళు అన్నేళ్ళు బ్రతకాలి గదా. బోల్టులను ఏటా వానలకు ముందొకసారి చూసి బిగించుకోవాలి.

వానాకాలంలో పనిచేయదనే మాట కూడా పాత లాంతరు కాలానిదే. మూడు రోజుల ముసురుకు చిన్న బ్యాటరీ ఖాళీ అయి దీపం ఆరిపోయేది. నేటి పలక మబ్బులో కూడా కొంత పనిచేస్తుంది. మబ్బు చాటునుంచి వచ్చే పరుచుకొన్న వెలుగు కూడా వెలుగే. దట్టమైన ముసురులో మామూలు రోజుకు నాలుగో వంతు, ఇంకా తక్కువ కూడా రావచ్చు. మనకంటె ఎండ ఎంతో తక్కువగా ఉండే జర్మనీ దేశంలో లక్షల ఇళ్ళమీద ఈ పలకలున్నాయి. లెక్క ఏడాది మొత్తం మీద చూడాలి. ఒక కిలోవాటు అమరిక మన ప్రాంతంలో సగటున రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఇస్తుందని లెక్కకట్టుకోవచ్చును. కొన్ని రోజులు ఐదు, కొన్ని రోజులు ఒకటి.

మబ్బుకంటె కొబ్బరిచెట్టు ఎక్కువ నష్టం చేస్తుంది. దీన్ని మాత్రం చాలామంది నమ్మరు. పలకలను ఒకదాని వెంట ఒకటి దండగా కలుపుతారు. ఒక పలకమీద ఆకు నీడ పడితే, పిల్లకాలువకు ఒకచోట మట్టి అడ్డం పడినట్లు, ఆ దండ అంతటా ప్రవాహం తగ్గుతుంది. మేలైన అమరికల్లో దీనికి కొంత మార్గం చేస్తారు గాని నష్టం పూర్తిగా పోదు. పెరట్లో కొబ్బరి, పక్కింటి నీళ్ళ ట్యాంకు, వీధిలో సెల్ టవరు, వీటి నీడ చలికాలంలో ఎంత పొడుగు సాగుతుందో చూసుకొనే చోటు నిర్ణయించాలి. పలకలను దక్షిణానికి మొగం పెట్టి, మన అక్షాంశానికి తగినట్లు సుమారు పదిహేను డిగ్రీల వాలుతో నిలపాలి. నూర్పిళ్ళ దుమ్ము, రోడ్డు దుమ్ము పేరుకొంటే తెల్లవారుజామున మంచినీళ్ళతో కడగాలి. మధ్యాహ్నం కాలిన గాజుమీద చన్నీళ్ళు పోయరాదు. ఉప్పు బోరు నీళ్ళతో కడిగితే తెల్లని పొర కట్టి, కడగకపోవటమే నయమనిపిస్తుంది.

ధర విషయంలో రెండు వైపులా అపోహలున్నాయి. సౌరవిద్యుత్తు ధనవంతుల వేడుక అనేది ఒకటి. ఉపగ్రహాల కాలంలో అది నిజమే. నేడు వాటు పలక ధర డాలరులో మూడో వంతుకు కూడా దిగిపోయింది. పలక తయారీకి పట్టే విద్యుత్తు అది జన్మలో ఇచ్చే విద్యుత్తుకంటె ఎక్కువ అని చదువుకొన్నవాళ్ళే కొందరంటారు. ఇదీ తొలినాటి మాటే. నేటి పలక తన తయారీకి పట్టినంత శక్తిని ఏడాది, ఏడాదిన్నరలో తిరిగి ఇచ్చివేస్తుంది. తరువాత ఏటా నూటికి అర పాలు చొప్పున తగ్గుతూ పాతికేళ్ళు, ఆపైన కూడా పనిచేస్తుంది. మధ్యలో ఒకసారి ఇన్వర్టరు మార్చవలసి రావచ్చు.

రెండో వైపు అపోహ, అంతా ఉచితం అనేది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చినప్పటినుంచి ‘ఉచిత కరెంటు’ అంటే సర్కారు ఇచ్చే కరెంటు అనే అర్థం మన ప్రాంతంలో స్థిరపడింది. సూర్యఘర్ పథకం ప్రకటనలో నెలకు మూడువందల యూనిట్ల వరకు ఉచితం అనేసరికి అదే అర్థం తీసుకొన్నారు. అసలు సంగతి వేరు. ఆ మూడువందలు సర్కారు ఇచ్చేవి కావు. మన కప్పుమీద మనం పెట్టుకొన్న పలకలు పుట్టించేవి. సర్కారు ఇచ్చేది పలకల ఖర్చులో సాయం. పథకం ప్రకారం ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లకూ ఆపైన ఎంతకైనా 78,000. మూడు కిలోవాట్ల అమరికకు మొత్తం ఖర్చు రెండు లక్షల రూపాయలకు అటూ ఇటూగా అవుతున్నది. దానికి సుమారు మూడువందల చదరపుటడుగుల నీడలేని చోటు కావాలి. నెలకు మూడువందల అరవై యూనిట్ల చొప్పున రావచ్చు. ఐనా బిల్లు కాగితం రావటం మానదు. మీటరుకు కట్టవలసిన స్థిర ఛార్జీలు ఉంటాయి.

సాయం సొమ్ము అమరిక పూర్తయి, నెట్ మీటరు బిగించి, తనిఖీ అయిన తరువాతనే బ్యాంకు ఖాతాలో పడుతుంది. పలకలు, వాటి లోపలి కణాలు మన దేశంలో తయారైనవై ఉండాలి. నమోదైన అమరికదారు చేతనే చేయించాలి. బజారులో చవకగా దొరికాయని విదేశపు పలకలు కొని తెచ్చి, తరువాత సాయం అడిగితే రాదు. నెలకు వంద యూనిట్లు కాలని చిన్న ఇంటికి మూడు కిలోవాట్లు పెట్టించే అమ్మకందార్ల మాట వినవద్దు. తీగలోకి పోయే మిగులు యూనిటుకు, మనం కొనే యూనిటుకున్నంత విలువ కట్టరు. బిల్లులు పన్నెండు నెలలవి ముందు పెట్టుకొని కూర్చుంటే ఎన్ని కిలోవాట్లో మీకే తెలుస్తుంది.

ఈ పథకంలో నాకు తృప్తిలేని సంగతి ఒకటి ఉన్నది. సాయం పొందాలంటే ముందు గట్టి కప్పు ఉండాలి, అది సొంతమై ఉండాలి. సిమెంటు మేడ ఉన్నవాడికి పలక, పలక ఉన్నవాడికి సాయం. పెంకుటింట్లో ఉన్నవాడు, రేకుల షెడ్డులో ఉన్నవాడు, అద్దె ఇంట్లో ఉండి పరుల పొలం కౌలుకు చేసేవాడు ప్రకటన చదువుకోవటంతో సరి. బలహీనమైన కప్పుమీద పలకలెక్కించమని ఎవరూ అనలేరు, నిజమే. కాని ఊరి పాఠశాల కప్పు, సొసైటీ గోదాము కప్పు ఖాళీగా ఉన్నప్పుడు వాటిమీద పుట్టిన కరెంటు ఇట్లాంటి ఇళ్ళ లెక్కలో జమకట్టే పద్ధతి ఊరూరా వస్తే బాగుంటుంది. విస్తరణ మిత్రులు గ్రామసభల్లో ఈ మాట ఎత్తవచ్చును.

చేపల చెరువుల వారు ఒక్క సంగతి గమనించాలి. కైకలూరు, ముదినేపల్లి, గుడివాడ ప్రాంతాలలో ఇంటి పలకలను చూసి చెరువుగట్టుమీద కూడా పెట్టి ఏరేటర్లు నడుపుదామని అడుగుతున్నారు. చెరువు నీటిలో ప్రాణవాయువు అడుగంటేది తెల్లవారుజామున. ఏరేటరు తప్పనిసరిగా తిరగవలసింది అప్పుడు. ఆ వేళకు సూర్యుడు లేడు. నెట్ మీటరు ఉంటే ఖర్చు కలిసివస్తుందేమో గాని, ఆ గంటలో తీగ కరెంటు పోతే పలక ఆదుకోదు. డీజిల్ ఇంజను అమ్ముకోవద్దు.

చివరగా మేడమీద మేడ సంగతి. పిల్లవాడి పెళ్ళి నాటికి పై అంతస్తు వేద్దామనుకొనే ఇళ్ళు డెల్టాలో ఎన్నో. శ్లాబు పైన కడ్డీలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. పలకలు ఒకసారి బిగించాక విప్పి మళ్ళీ పైకెక్కించటానికి కూలి, కొత్త చట్రం, కొత్త తీగ అన్నీ కలిపి చాలానే అవుతుంది. విప్పేటప్పుడు గాజు పగిలితే ఆ పలక పోయినట్లే. ఆ అంతస్తు రెండు మూడేళ్ళలో వేసేదయితే పలకల పని దాని తరువాతే పెట్టుకోవాలి. ‘ఎప్పుడో వేద్దాంలే’ అనే రకమయితే మాత్రం కడ్డీలకు తుప్పు పట్టకుండా కాస్త సిమెంటు పూసి, దక్షిణపు వైపు చోటు కొలుచుకోవచ్చును.